ఇదా, అదా? నెట్‌లో పనికొచ్చేవీ, సరదా పుట్టించేవీ

"తప్పక చూడాల్సిన వంద వెబ్‌సైట్లు" అనే జాబితాలు నెట్‌లో కోకొల్లలు. వాటితో వచ్చిన చిక్కల్లా, వందకి వందా అద్భుతమే అంటాయి. ఓ పావుగంట తీరిక దొరికినవాళ్ళకి వంద పేర్లు ఎందుకు? ఈ మూడ్‌లో ఉంటే ఇది, ఆ పని పడితే అది అని తేల్చి చెబితే చాలు. అందుకే ఇక్కడ దాదాపు అన్నీ జంటలుగా పెట్టాను. ఇంచుమించు ఒకే అవసరానికి పనికొచ్చే సైట్లు రెండేసి తీసుకుని, ఏది ఎప్పుడు మేలో నా లెక్క ప్రకారం చెబుతున్నాను.

ఆ లెక్కేమిటో ముందే చెప్పేస్తాను. సైట్ బాగుందా లేదా అన్నదానికంటే, అది మనల్ని ఎప్పుడు వదిలిపెడుతుందన్నది నాకు ముఖ్యం. రీల్స్ అడుగు లేని బావి; ఎంత తోడినా ఇంకా ఉంటాయి, లేచేసరికి ఏం చూశామో కూడా గుర్తుండదు. కింద చెప్పేవాటిలో కొన్ని వాటంతట అవే అయిపోతాయి. కొన్ని అయిపోవు గానీ, మనం లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపవు. ఒకటి రెండు మాత్రం ఆపుతాయి. అవి వచ్చినప్పుడు చెప్తాను.

సముద్రం అడుక్కా, సౌర కుటుంబం చివరికా

నీల్ అగర్వాల్ అనే ప్రోగ్రామర్ నడిపే నీల్ డాట్ ఫన్‌లో "ది డీప్ సీ" అని ఒక పేజీ ఉంది. అందులో మనం చేసేదల్లా కిందికి స్క్రోల్ చేసుకుంటూ పోవడమే. తెర మీద లోతు మీటర్లలో పెరుగుతూ ఉంటుంది, ఏ లోతులో ఏ జీవి తిరుగుతుందో అక్కడ దాని బొమ్మ వస్తుంది. మొదట్లో అన్నీ తెలిసిన చేపలే. తర్వాత నీలం ముదిరి నల్లబడుతుంది, పేర్లు కూడా వినని జీవులు మొదలవుతాయి. క్యూవియర్స్ బీక్డ్ వేల్ అనే తిమింగలం 2,992 మీటర్ల దాకా మునిగినట్టు రికార్డు ఉంది. మనలాగే గాలి పీల్చే జంతువు, ఊపిరి బిగబట్టి అంత కిందికి పోయి మళ్ళీ పైకొచ్చింది! టైటానిక్ శిథిలాలు పడి ఉన్నది దాదాపు 3,800 మీటర్ల దగ్గర. అక్కడిదాకా వచ్చాక ఇక అయిపోయిందనే అనుకుంటాం. కానీ సముద్రంలో అన్నిటికంటే లోతైన చోటు, ఛాలెంజర్ డీప్ అడుగు అక్కడికి ఇంకో 7,000 మీటర్ల కింద ఉంది. వేలు నొప్పి పుట్టి, "ఇంకా ఎంత?" అనిపించడమే ఈ పేజీ గొప్పతనం. అంకె చదివితే పట్టుబడని లోతు, వేలికి పట్టుబడుతుంది.

దీనికి జోడీ జాష్ వర్త్ 2014లో పెట్టిన సౌర కుటుంబం పటం. ఇది కిందికి కాదు, పక్కకి జరుగుతుంది. 3,474 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న చంద్రుణ్ణి ఒకే ఒక్క పిక్సెల్‌గా, అంటే తెర మీద అతి చిన్న చుక్కగా చూపించి, మిగతా అంతా అదే కొలతలో పెట్టాడు. ఆ లెక్కన సూర్యుడి నుంచి భూమికి 43,000 పిక్సెళ్ళ పైచిలుకు. జరుపుతూ పోతే నల్లటి ఖాళీ, ఖాళీ, మళ్ళీ ఖాళీ. మధ్యలో అక్కడక్కడా విసుగు తెలియకుండా ఓ చిన్న వ్యాఖ్య. మూలన ఒక బటన్ ఉంటుంది. నొక్కితే పేజీ దానంతట అదే కాంతి వేగంతో కదలడం మొదలుపెడుతుంది. విశ్వంలో అంతకు మించిన వేగం లేదని చదువుకున్నాం కదా, తీరా చూస్తే నత్తనడక. భూమి రావడానికి ఎనిమిది నిమిషాలు పైనే పడుతుంది. స్కూలు పుస్తకాల్లో గ్రహాలన్నీ పక్కపక్కనే కూర్చున్న బొమ్మ ఎంత అబద్ధమో ఇది చూశాకే తెలుస్తుంది. పుస్తకాల తప్పేమీ లేదు, కాగితం చాలదు మరి.

పిల్లలు పక్కన ఉంటే సముద్రమే పెట్టండి. ప్రతి కొన్ని మీటర్లకీ ఒక జంతువు వస్తుంది కాబట్టి వాళ్ళకి బోరు కొట్టదు, ఫోన్‌లోనూ హాయిగా నడుస్తుంది. చంద్రుడి పటం పెద్ద తెర మీద, ఒంటరిగా, ఓపిక ఉన్నప్పుడు చూడాల్సింది. రెండింటికీ చివర అంటూ ఒకటుంది. అది వచ్చాక మనం లేచిపోతాం.

అదే నీల్ డాట్ ఫన్‌లో "ఇన్ఫినిట్ క్రాఫ్ట్" అనే ఆట ఉంది, 2024 జనవరిలో వచ్చింది. నీరు, నిప్పు, గాలి, మట్టి - ఈ నాలుగింటితో మొదలుపెట్టి, ఒకదాని మీద ఇంకోటి పెడితే కొత్తది పుడుతుంది. ఏం పుట్టాలో ఏఐ నిర్ణయిస్తుంది, అందుకే అంతం లేదు. పైగా ప్రపంచంలో ఇంకెవరూ చేయని కలయిక మీరు చేస్తే "మొదటిసారి కనుక్కున్నది మీరే" అని చూపిస్తుంది. అక్కడే దొరికిపోతాం. రేపు పొద్దున్న పని ఉంటే ఆ వైపు వెళ్ళకండి.

విమానమా, ఓడా

ఫ్లైట్‌రాడార్24 తెరిస్తే ప్రపంచ పటం నిండా విమానం గుర్తులు. ఒకదాన్ని నొక్కితే ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో పోతోంది, అన్నీ వచ్చేస్తాయి. విమానాలంటే పిచ్చి ఉన్న ఇద్దరు స్వీడన్‌వాళ్ళు 2006లో సరదాకి మొదలుపెట్టిన పని ఇది. ఇందులో గూఢచర్యం ఏమీ లేదు. ఏడీఎస్-బీ అనే పద్ధతిలో విమానమే తన స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసుకుంటూ పోతుంది. దాన్ని నేల మీద ఉన్న రిసీవర్లు అందుకుంటాయి. వాటిలో చాలావరకు మామూలు మనుషులు తమ ఇంటి పైన పెట్టుకున్నవే. నడి సముద్రం మీద రిసీవర్లు ఉండవు కాబట్టి అక్కడ విమానం కొంతసేపు కనిపించకపోవచ్చు, లేదా గుర్తు అంచనా మీద కదలొచ్చు. మనవాళ్ళు ఉన్న విమానం అలా మాయమైతే టెన్షన్ పడకండి.

దీని అసలు ఉపయోగం ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. మీరు ఎక్కాల్సిన విమానం సాధారణంగా వేరే ఊరి నుంచి వచ్చి, అదే మిమ్మల్ని ఎక్కించుకుని పోతుంది. బయల్దేరే వేళ దగ్గరపడి, బోర్డు మీద "సమయానికే" అని ఉన్నా, ఆ వచ్చే విమానం ఇంకా రెండు గంటల దూరంలో ఉంటే ఆలస్యం ఖాయం. ఫ్లైట్ నంబరుతో వెతికి, ఆ విమానం రిజిస్ట్రేషన్ నంబరు నొక్కితే అది ఇప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది. కౌంటర్ దగ్గర గొడవ పడేకంటే ఇది నయం.

మెరైన్‌ట్రాఫిక్ ఓడలకి. 2007లో గ్రీస్‌లోని ఏజియన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడ 300 గ్రాస్ టన్నేజ్ (ఓడ పరిమాణానికి ఒక కొలత) దాటితే, తన స్థానాన్ని ప్రసారం చేసే ఏఐఎస్ అనే పరికరం పెట్టుకోవాల్సిందే, సమాచారం దాన్నుంచే వస్తుంది. ఓడలు చాలా నెమ్మది. పది నిమిషాలు చూసినా గుర్తు ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. కాబట్టి ఉత్త సముద్రం వైపు కాకుండా నేరుగా సూయజ్ కాలువ దగ్గరికో, సింగపూర్ జలసంధి దగ్గరికో వెళ్ళండి. ఆ రద్దీ చూస్తే, మన చేతిలో ఉన్న ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి క్యూలో నిలబడిందేనేమో అనిపిస్తుంది. తీరానికి దూరంగా ఉన్న ఓడల వివరాలు కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. సరదాకైతే విమానాలే ముందు. తల పైకెత్తి ఆకాశంలో కనిపించేదాన్ని ఫోన్‌లో పేరు పెట్టి గుర్తుపట్టడంలో ఉన్న మజా ఓడల్లో రాదు.

గాలివాన సంగతికొస్తే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. చూసి మురిసిపోవడానికి కామెరాన్ బెకారియో చేసిన ఎర్త్ నల్‌స్కూల్, నిర్ణయం తీసుకోవడానికి విండీ. మొదటిదాంట్లో భూగోళం మీద గాలి దారాలు దారాలుగా పారుతుంటుంది, తుపాను ఉంటే ఆ సుడి కళ్ళు తిప్పుకోనివ్వదు. విండీలో వాతావరణాన్ని అంచనా కట్టే యూరప్ మోడల్ ఒకటి, అమెరికా మోడల్ ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. రెండూ ఒకే మాట చెబితే నమ్మండి. వేర్వేరుగా చెబితే గొడుగు పట్టుకెళ్ళండి.

కూర్చున్నచోటి నుంచి ఇంకోచోటికి

రేడియో గార్డెన్‌లో భూగోళాన్ని వేలితో తిప్పుతాం. ఆకుపచ్చ చుక్కలున్నచోట ఆగితే, ఆ ఊళ్ళో ఇప్పుడు వస్తున్న రేడియో వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన ప్రాజెక్టుగా మొదలై 2016లో అందరికీ వచ్చింది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి జరిగేటప్పుడు పాత రేడియోలో ముల్లు తిప్పినట్టు గరగర వినిపిస్తుంది. అది కావాలనే పెట్టారు, బాగా పెట్టారు. దీన్ని తయారుచేసిన జోనథన్ పకీదే ఇంకో వింత ఉంది, "పాయింటర్ పాయింటర్" అని. మౌస్‌ని తెర మీద ఎక్కడ ఆపితే సరిగ్గా అక్కడికే ఎవరో వేలు పెట్టి చూపిస్తున్న ఫొటో వస్తుంది. దానివల్ల లోకానికి వీసమెత్తు లాభం లేదు. అయినా ఒకసారి చూసినవాళ్ళు పక్కవాళ్ళకి చూపించకుండా ఉండలేరు.

విండోస్వాప్ 2020 లాక్‌డౌన్‌లో సింగపూర్‌లో ఉన్న ఒక జంట మొదలుపెట్టింది. ఎవరెవరో తమ కిటికీలోంచి తీసిన పది నిమిషాల వీడియోలు శబ్దంతో సహా వస్తాయి. ఒకచోట వాన, ఒకచోట పిల్లి, ఒకచోట ట్రామ్. ఇవి లైవ్ కావు, ముందే తీసి పంపినవి. చాలామంది లైవ్ అనుకుంటారు.

చేత్తో పని చేసుకుంటూ వినడానికి రేడియో గార్డెన్‌ని మించింది లేదు. భాష తెలియని వార్తలు విచిత్రంగా మనసుని ఆపుతాయి, ఎందుకంటే కంగారు పడడానికి ఒక్క ముక్కా అర్థం కాదు. కళ్ళు అలసిపోయి, ఏమీ చేయబుద్ధి కాని వేళకి విండోస్వాప్. అయితే బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి 2022 నుంచి రేడియో గార్డెన్‌లో అక్కడి స్టేషన్లే వస్తున్నాయి, లైసెన్సుల గొడవ వల్ల. వాళ్ళకి ఈ ఎంపికే లేదు, కిటికీయే గతి.

ఆటల్లో ఏది వదులుతుంది

వర్డిల్ ఎందుకు అంత పాకిపోయిందంటే నా దృష్టిలో ఒకటే కారణం: రోజుకి ఒక్కటే. అయిదు అక్షరాల ఇంగ్లిష్ మాట, ఆరు ప్రయత్నాలు, అంతే, రేపు రండి. జాష్ వార్డిల్ దీన్ని 2021లో అందరికీ తెరిచాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. జియోగెస్సర్ ఇంకో రకం. వీధి ఫొటోల మధ్య ఎక్కడో పడేస్తుంది, అది భూమ్మీద ఎక్కడో మనం చెప్పాలి. అయిదు రౌండ్లు, రౌండుకి 5,000 చొప్పున 25,000 మార్కులు. బండ్లు రోడ్డుకి ఏ పక్కన పోతున్నాయి, బోర్డు మీద లిపి ఏది, మట్టి రంగేమిటి అని చూస్తూ చూస్తూ డిటెక్టివ్ అయిపోతాం. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటే చాలావరకు దక్షిణార్ధగోళమే, సగం ప్రపంచం అక్కడే కొట్టేయొచ్చు. నేర్చుకునేది జియోగెస్సర్‌లోనే ఎక్కువ, కానీ ఉచితంగా ఆడనిచ్చేది తక్కువ. ఇంగ్లిష్ మాటలతో పేచీ లేకపోతే రోజూ వర్డిల్, సెలవు రోజున నలుగురు చేరితే జియోగెస్సర్.

చదరంగానికి లీచెస్, చెస్ డాట్ కామ్ అనే రెండూ ఎప్పుడూ పోటీయే. 2010లో ఫ్రాన్స్‌కి చెందిన తిబో డ్యుప్లెసీ పెట్టిన లీచెస్ విరాళాల మీద నడుస్తుంది. ప్రకటనలు లేవు, డబ్బు కడితే తెరుచుకునే గదులు లేవు. పజిళ్ళు ఎన్నయినా చేసుకోవచ్చు, ఆడిన ప్రతి ఆటనీ కంప్యూటర్ చేత విశ్లేషించుకోవచ్చు. చెస్ డాట్ కామ్‌లో ఉచిత ఖాతాకి వీటన్నిటి మీదా పరిమితి ఉంది. దాని బలం వేరే: పాఠాలు ముద్దొచ్చేలా ఉంటాయి, మనతో ఆడే కంప్యూటర్ ఆటగాళ్ళు, అంటే బాట్‌లలో ఒక్కోదానికి ఒక్కో మొహం, ఒక్కో తీరు ఉంటుంది, ఎత్తు వేసినప్పుడల్లా ఏదో ఒక మాట అంటాయి. ఓనమాలు దిద్దుకునే పిల్లలకి అది, ఎత్తులు వచ్చినవాళ్ళకి లీచెస్. రెండింట్లోనూ నిమిషం ఆటల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఓడిన ప్రతిసారీ "ఇంకొక్కటి" అనిపిస్తుంది, గెలిచిన ప్రతిసారీ అదే అనిపిస్తుంది.

లెక్క చేసిపెట్టేదా, లెక్కని గుర్తుపట్టేదా

రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో, ఈ సమీకరణానికి జవాబేమిటో, గాలన్లలో ఉన్నది లీటర్లలో ఎంతో కావాలంటే 2009లో వచ్చిన వుల్‌ఫ్రమ్ ఆల్ఫా. చాట్‌బాట్‌లు ఊహించి చెప్పేచోట ఇది నిజంగా లెక్క కడుతుంది. మెట్టు మెట్టుగా చేసి చూపించమంటే డబ్బు అడుగుతుంది. పని చేసిపెడుతుంది, అంతవరకే.

ప్రేమించాల్సింది మాత్రం సంఖ్యల వరుసలకి నిఘంటువు లాంటి ఓఈఐఎస్‌ని. నీల్ స్లోన్ అనే గణితవేత్త 1964లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడు సంఖ్యల వరుసలు కార్డుల మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. 1996లో ఆ సేకరణ నెట్‌లోకి వచ్చింది, ఇప్పుడు మూడున్నర లక్షలు దాటింది. మీకు తోచిన నాలుగైదు అంకెలు టైప్ చేస్తే, ఆ వరుస ఎక్కడెక్కడ వస్తుందో చెబుతుంది. 1, 2, 4, 8, 16 అని కొట్టి చూడండి. తర్వాత 32 అని ఎవరైనా చెబుతారు. కానీ జవాబుల్లో 16 తర్వాత 31 వచ్చే వరుస కూడా ఉంటుంది. ఒక వృత్తం గీసి, అంచు మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో కలపండి. రెండు చుక్కలకి 2 ముక్కలు, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరో చుక్క పెట్టాక ఎంత జాగ్రత్తగా గీసినా 31కి మించవు. కాగితం మీద గీసి లెక్కపెట్టేదాకా నమ్మకం కుదరదు. ఐక్యూ పరీక్షల్లో "తర్వాతి అంకె ఏది" అని అడిగే పెద్దమనుషులకి ఈ పేజీ చూపించాలి.

ఇంకో సరదా ఏమిటంటే, ఒక్కో వరుసకి లేబుళ్ళు తగిలిస్తారు. కొన్నిటికి "నైస్" అని ఉంటుంది, కొన్నిటికి నిర్మొహమాటంగా "డంబ్" అని ఉంటుంది. వరుసని సంగీతంగా మార్చి వినిపించే ఏర్పాటూ ఉంది. వినసొంపుగా ఉంటుందని హామీ ఇవ్వలేను.

ఈ ఫొటో ఎక్కడిది

ఫార్వార్డ్ అయి వచ్చిన ప్రతి వరద ఫొటో నిన్నటిదే అంటారు. చూడ్డానికి గూగుల్ లెన్స్, టిన్‌ఐ రెండూ ఫొటో పెట్టి వెతికేవే, కానీ చేసే పని వేరు. లెన్స్ "ఇదేమిటి" అన్నదానికి జవాబు: ఏ పువ్వు, ఏ కట్టడం, ఏ మోడల్ బూట్లు. టిన్‌ఐ "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్నదానికి. పోలిన ఫొటోలు కాకుండా అదే ఫొటోని, కత్తిరించినా రంగు మార్చినా పట్టుకుంటుంది. ఫలితాలని పాతవి ముందు వచ్చేలా అమర్చుకునే సౌకర్యం ఉంది, నిజానిజాలు తేలేది అక్కడే. నిన్నటి వరద అన్న ఫొటో ఆరేళ్ళ కిందటే నెట్‌లో ఉంటే ఇంకేం అడగక్కర్లేదు. అక్కడ కనిపించే తేదీ టిన్‌ఐ దాన్ని మొదట చూసిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. ఏమీ దొరకలేదంటే ఫొటో కొత్తదేనని అర్థమూ కాదు.

పోయిన పేజీ కావాలంటే

ఇక్కడ పోటీ పెద్దగా లేదు, వేబ్యాక్ మెషీనే. బ్రూస్టర్ కాల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ దీన్ని 2001లో అందరికీ తెరిచింది. 2025 అక్టోబరుకి లక్ష కోట్ల పేజీలు చేరాయి. సైట్ చిరునామా ఇస్తే క్యాలెండర్ వస్తుంది, తేదీ నొక్కితే ఆ రోజున ఆ పేజీ ఎలా ఉందో కనిపిస్తుంది. కంపెనీవాళ్ళు షరతులు మెల్లిగా మార్చేసి "ముందు నుంచీ ఇంతే" అన్నప్పుడు ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు. మీకు ముఖ్యమైన పేజీ ఏదైనా ఉంటే "సేవ్ పేజ్ నౌ" అన్నచోట చిరునామా వేసి మీరే దాచుకోవచ్చు. దానితోపాటు పీడీఎఫ్ కూడా ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీదే సైబర్ దాడి జరిగి కొన్నాళ్ళు మూతపడింది.

సరదాకి పాత నెట్ చూడాలంటే మిలియన్ డాలర్ హోమ్‌పేజ్. 2005లో ఆలెక్స్ ట్యూ అనే కుర్రాడు చదువు ఖర్చుల కోసం ఒక పేజీలో పది లక్షల పిక్సెళ్ళు, ఒక్కోటి ఒక డాలరుకి అమ్మాడు. అన్నీ అమ్ముడుపోయాయి. ఆ పేజీ ఇంకా ఉంది, కానీ నొక్కితే వాటిలో చాలా లింకులు ఎక్కడికీ పోవు.

సరదా మిగలాలి, పనీ జరగాలి

శాస్త్రవేత్తల పరిశోధనలకి మామూలు జనం సాయపడే సైట్ జూనివర్స్. తెరిస్తే రిజిస్టర్ కూడా చేయకుండానే పని మొదలుపెట్టొచ్చు. అడవి కెమెరాలో పడ్డ జంతువు ఏదో చెప్పడం, పాత చేతిరాత చదివి టైప్ చేయడం, గెలాక్సీ ఆకారం గుర్తుపట్టడం లాంటివి. దీనికి మూలం 2007లో మొదలైన గెలాక్సీ జూ. ఆ ఏడాదే హనీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచరమ్మ ఒక ఫొటోలో అర్థంకాని మచ్చ చూసి "ఇదేమిటి?" అని అడిగింది. శాస్త్రవేత్తలకీ తెలియలేదు. అదొక కొత్త రకం వస్తువని తేలి, ఇప్పుడు ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. ఫోల్డిట్ 2008లో వచ్చిన ఆట, ప్రొటీన్లని మడతపెట్టడం. ఏళ్ళ తరబడి తేలని ఒక వైరస్ ఎంజైమ్ ఆకారాన్ని ఆటగాళ్ళు మూడు వారాల్లోపే తేల్చారు, 2011లో ఆ ఫలితం అచ్చయింది. కానీ ఫోల్డిట్‌ని ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ముందు పాఠాలు పూర్తిచేయాలి, చెయ్యి తిరగడానికి రోజులు పడుతుంది. పది నిమిషాలున్నవాళ్ళకి జూనివర్స్, పజిల్ అంటే నిద్ర మానుకునేవాళ్ళకి ఫోల్డిట్.

చివరిది సరదా ఏమీ కాదు, కానీ ఈ జాబితాలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్". ఈమెయిల్ ఇస్తే, ఏయే సైట్ల నుంచి లీకైన డేటాలో అది బయటపడిందో చూపిస్తుంది. ఏదైనా సైట్ పేరు కనిపిస్తే అందులో పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ పెట్టారో అక్కడా మార్చండి. తర్వాత "నోటిఫై మీ" నొక్కి ఈమెయిల్ ఇచ్చేస్తే, ఇకముందు ఏదైనా లీకైతే వాళ్ళే కబురు పంపుతారు. అప్పటిదాకా ఆ సైట్ తెరవాల్సిన పనే లేదు.